గౌలిగూడ బస్సు షెడ్డు: బాటసారి హక్కుకు నీడనిచ్చిన కప్పు

ఒక ప్రయాణంలో దైవప్రవక్త ముహమ్మద్ (స) తన సహచరులకు ఒక హితవు చెప్పారు. అవసరానికి మించిన వాహనం ఉన్నవారు దానిని వాహనం లేనివారికి ఇవ్వాలి, మిగులు ఆహారం ఉన్నవారు దానిని ఆహారం లేనివారికి ఇవ్వాలి అన్నది దాని సారాంశం. హజ్రత్ అబూ సయీద్ ఖుద్రీ (రజి) ఉల్లేఖించిన ఈ హదీసు సహీహ్ ముస్లింలో ఉంది. ఆహారాన్ని గురించిన మాట మనకు తరచు గుర్తుకు వస్తుంది. వాహనాన్ని గురించిన మాట అంతగా గుర్తుకు రాదు. కాని ఆ హదీసులో ముందుగా వచ్చేది వాహనం మాటే.

నేడు మన వాకిళ్లలో ఒంటెలు లేవు. వాహనం లేనివారి అవసరాన్ని సమాజమంతా కలిసి తీర్చే మార్గాలలో బస్సు ముఖ్యమైనది. పన్ను కట్టేవాడూ టికెట్టు కొనేవాడూ తలా కొంత భరిస్తేనే అది నడుస్తుంది. నల్లజర్ల కూడలిలో నిలబడి తాడేపల్లిగూడెం వైపో ఏలూరు వైపో పోయే పల్లెవెలుగు కోసం చూసే కూలి మనిషికి, ఆసుపత్రికి పోవలసిన గర్భిణికి, కళాశాలకు పోయే మన ఆడపిల్లకు అదే సొంత వాహనం. కొల్లేరు పొంగి ఏలూరు–కైకలూరు దారి మునిగినప్పుడు, బస్సు ఆగితే ఎన్ని ఇళ్ల పనులు ఆగిపోతాయో ఆ ప్రాంతంవారు బాగా ఎరుగుదురు.

అటువంటి బస్సు రాత్రివేళ విశ్రమించే చోటును గురించి మనం ఆలోచించం. డిపో అంటే మన దృష్టిలో ప్రహరీ వెనుక ఉండే నూనె మరకల నేల మాత్రమే. బస్సు లోపలికి వస్తుంది. కండక్టరు టికెట్ల లెక్క అప్పగించి డబ్బు కడతాడు. మెకానిక్కు బ్రేకులూ టైర్లూ చూస్తాడు. ఒకరు డీజిలు నింపుతారు, మరొకరు కడుగుతారు. ఊరు నిద్రలేవక ముందే మొదటి సర్వీసు గేటు దాటుతుంది. ఆ చోటు మూతపడితే, కూలిపోతే ఏమి పోతుందో తెలుసుకోవడానికి హైదరాబాదు గౌలిగూడ షెడ్డు కథ తెలుసుకోవాలి.

ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ పాలనలో, 1932లో, నిజాం రాష్ట్ర రైల్వేలో భాగంగా రోడ్డు రవాణా శాఖ ఏర్పడింది. ఆరంభంలో దానికి 27 బస్సులు, 166 మంది ఉద్యోగులు ఉండేవారు. స్కాట్లాండుకు చెందిన ఆల్బియన్ సంస్థ బస్సులు ఆనాడు దక్కన్ రోడ్లపై తిరిగాయి. మూసీ ఒడ్డున, అఫ్జల్‌గంజ్‌కు చేరువలో, గౌలిగూడలో ఉన్న పెద్ద ఇనుప షెడ్డు ఈ బస్సులకు నెలవయింది. అది తొలుత విమానాలను నిలుపుకొనేందుకు విదేశం నుండి తెప్పించి నిలబెట్టిన హ్యాంగరు అని చెబుతారు. దాని ఆకారం కూడా అటువంటిదే. మధ్యలో స్తంభాలు అడ్డు రాకుండా, విల్లులా వంగిన విశాలమైన కప్పు. విమానాలకు పనికివచ్చిన ఆ వైశాల్యమే తరువాత బస్సులు తిరగడానికీ జనం నిలబడడానికీ అక్కరకు వచ్చింది.

1951 నవంబరులో రవాణా శాఖ రైల్వే నుండి హైదరాబాదు ప్రభుత్వం చేతికి వచ్చింది. 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర రోడ్డు రవాణా సంస్థ ఏర్పడింది. అప్పటి నుండి గౌలిగూడ రాజధాని నగరపు గుమ్మం. కోస్తా జిల్లాల నుండి రాత్రంతా ప్రయాణించి వచ్చినవారు తెల్లవారుజామున కళ్లు తెరిచి చూసేది ఆ ఇనుప కప్పునే. ఆ తరం పెద్దలను అడిగితే ముందుగా చెప్పేది దాని హోరును గురించే. ఇంజన్ల చప్పుడు, కూలీల కేకలు, తెలుగూ ఉర్దూ కలిసిన పిలుపులు అన్నీ ఆ వంపు కప్పుకు తగిలి తిరిగి వినిపించేవి. తరువాత చెప్పేది ఇరానీ చాయ్. ఆ పైన ఫజర్ నమాజుకు అఫ్జల్‌గంజ్ మస్జిదు వైపు వేసిన అడుగులు.

గోదావరి జిల్లాల ముస్లిం కుటుంబాలకు ఆ గుమ్మంతో పని ఎక్కువగానే ఉండేది. ఉస్మానియా ఆసుపత్రి అక్కడికి నడిచిపోయేంత దూరం. రోగిని మంచంపై నుండి లేవదీసి తీసుకువచ్చిన ఇంటివారికి ఆ సామీప్యం ఎంత ఉపశమనమో వేరుగా చెప్పనక్కరలేదు. గల్ఫ్ కొలువులకు పోయే యువకులు పాస్‌పోర్టు కాగితాలు పట్టుకొని దిగింది అక్కడే. చదువులకు వచ్చిన పిల్లలు రేకు పెట్టెలతో దిగింది అక్కడే. ఆడపడుచును అత్తవారింటికి పంపుతూ తల్లులు కన్నీరు తుడుచుకున్నదీ అక్కడే. ఒక కట్టడానికి ఇంతకు మించిన చరిత్ర ఏమి కావాలి?

మరొక స్మృతి కూడా ఆ కాలం నుండే మన వద్దకు వచ్చింది. ఆర్టీసీ బస్సుల రిజిస్ట్రేషన్ సంఖ్యలో ‘జెడ్’ అక్షరం ఉండడం అందరూ చూసిందే. నిజాం తన తల్లి జహ్రా బేగం జ్ఞాపకార్థం ఆ అక్షరాన్ని కోరుకున్నారని తరతరాలుగా చెప్పుకొంటారు. ఇది విన్నప్పుడు ఇస్లామీయ చరిత్రలోని మరొక మహిళ తలపుకు వస్తుంది. అబ్బాసీ ఖలీఫా హారూన్ రషీద్ సతీమణి జుబైదా, కూఫా నుండి మక్కాకు పోయే ఎడారి బాటలో హాజీల కోసం బావులూ నీటి తొట్లూ విడుదులూ కట్టించారు. ఆ బాటకు నేటికీ ‘దర్బె జుబైదా’ అనే పేరు. తల్లి పేరు, భార్య పేరు బాటసారి మార్గంలో నిలవడం మన నాగరికతకు కొత్త కాదు. మన దేశంలో షేర్‌షా సూరి 16వ శతాబ్దంలో రహదారుల వెంట సరాయిలు నిర్మించాడు. గౌలిగూడ షెడ్డు ఆ వరుసలోనిదే. కాకపోతే దానిలో ఒంటెలకు బదులు బస్సులు నిలిచాయి.

ఇస్లాం బాటసారిని దయతలచి చూడవలసినవాడుగా మాత్రమే చూడలేదు, హక్కు ఉన్నవాడుగా చూసింది. జకాతును అందుకొనే ఎనిమిది వర్గాలలో బాటసారి ఒకడని తౌబా సూరా తెలుపుతుంది. ప్రయాణికునికి నమాజు కుదించుకొనే సౌలభ్యం ఉంది. రమజాను ఉపవాసాన్ని మరో రోజుకు వాయిదా వేసుకొనే అనుమతి ఉంది. అతని దుఆ స్వీకరించబడుతుందని దైవప్రవక్త (స) శుభవార్త ఇచ్చారు. ఎంతో శ్రమపడితే తప్ప చేరలేని ప్రాంతాలకు మన బరువులను మోసే జంతువులను అల్లాహ్ తన అనుగ్రహంగా నహ్ల్ సూరాలో ప్రస్తావించాడు. మనకు తెలియని వాటిని కూడా ఆయన సృష్టిస్తాడని అక్కడే తెలిపాడు. నేటి వాహనాలు ఆ మాటను మనకు గుర్తుచేస్తాయి. అవి మన చేతికి వచ్చిన అమానతు.

అమానతును కాపాడడం సులువు కాదు. 1994లో మూసీ నది నడుమ ఇమ్లీబన్‌లో మహాత్మాగాంధీ బస్ స్టేషను ప్రారంభమయింది. దూరప్రాంతాల బస్సులు అక్కడికి తరలిపోయాయి. గౌలిగూడ షెడ్డు సిటీ బస్సులకు మిగిలింది. పెద్ద కొడుకు వేరే కాపురం పెట్టిన తరువాత పాత ఇంట్లో మిగిలిన ముసలి తల్లి వలె అది అలాగే నిలిచింది. జనం చూపు మళ్లినచోట తుప్పు పని మొదలుపెడుతుంది. చివరకు కప్పు నిలకడపై అనుమానం కలిగి, అధికారులు షెడ్డును మూసి బస్సులను వెలుపలికి తరలించారు. ఆ తరువాత కొద్ది రోజులకే, 2018 జూలై 5 ఉదయం, ఆ కప్పు మొత్తం కుప్పకూలింది. అల్లాహ్ దయవలన ఒక్కరికీ హాని కలగలేదు. నిత్యం వందలమంది నిలబడిన చోటు అది. ముందుగా ఖాళీ చేయకపోయి ఉంటే ఏమయ్యేదో ఊహించడానికే మనసు ఒప్పదు.

ఈ ముగింపులో రెండు పాఠాలున్నాయి. ప్రమాదాన్ని ముందే గుర్తించి జనాన్ని దూరంగా ఉంచడం ఎంత గొప్ప మేలో మొదటి పాఠం చెబుతుంది. దారిలో హాని కలిగించే వస్తువును తొలగించడం విశ్వాసపు శాఖలలో ఒకటని దైవప్రవక్త (స) బోధించారు. రెండవ పాఠం కొంత బాధ కలిగిస్తుంది. ఎనభై ఏండ్లకు పైగా నిలిచిన కట్టడం పోయాక ఛాయాచిత్రాలు వెదికాము. ఉన్నప్పుడు దాని బోల్టులను ఎవరు చూస్తున్నారని అడగలేదు.

ఈ ప్రశ్న గౌలిగూడతో ముగియదు. ఆంధ్రప్రదేశ్‌లో ఆర్టీసీ ఉద్యోగులు 2020 జనవరి 1 నుండి ప్రభుత్వ ఉద్యోగులయ్యారు. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుండి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుండి మహిళలకు ఆర్టీసీ బస్సులలో ఉచిత ప్రయాణం వచ్చింది. చార్జీకి వెనుకాడి ఇంట్లోనే ఉండిపోయిన స్త్రీకి ఇది నిజమైన మేలు. అయితే ప్రయాణికులు పెరిగినకొద్దీ బస్సుల అవసరం పెరుగుతుంది, వాటిని బాగుచేసే గ్యారేజీల అవసరమూ పెరుగుతుంది. నగరం నడిబొడ్డున ఉన్న డిపో స్థలం వ్యాపారి కంటికి విలువైన భూమిగా కనిపించవచ్చు. అది వాహనం లేనివారి వాటా. ఊరిలో ఒక డిపోను కుదించాలనో ఒక సర్వీసును ఆపాలనో మాట వచ్చినప్పుడు, సొంత కారు ఉన్నవారే ముందుగా నోరు విప్పాలి. మిగులు వాహనం ఉన్నవారికి దైవప్రవక్త (స) చెప్పిన హితవు వారికే ఎక్కువగా వర్తిస్తుంది.

మన చేతిలో ఉన్న పనులు చిన్నవే. టికెట్టు కొనవలసినవారు కొనడం, సీటు చింపకుండా పిల్లలకు నేర్పడం, వృద్ధులకు చోటివ్వడం, నైట్ డ్యూటీ ముగించి ఇంటికి వచ్చే డ్రైవరును పక్కింటివాడుగా గౌరవించడం. రమజానులో స్టీరింగు వద్దనే ఖర్జూరంతో ఇఫ్తార్ చేసే డ్రైవర్లూ కండక్టర్లూ మనలోనే ఉన్నారు. వారి కోసం దుఆ చేయడం మరువవద్దు.

మీ ఇంట్లో ఆర్టీసీలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న నాన్నో తాతయ్యో ఉంటే ఈ నెలలో ఒక సాయంత్రం వారి పక్కన కూర్చోండి. మొదటి డ్యూటీ ఏ రూటులో పడిందో, రాత్రి బస్సు ఏ ఊళ్లో ఆగేదో, గ్యారేజీలో ఎవరు నమాజుకు పిలిచేవారో అడగండి. వారు చెప్పినది ఒక పుస్తకంలో తేదీతో సహా రాసి ఉంచండి.