పాత లాప్‌టాపును మార్చవలెనా?

నేడు నేను ముచ్చటింపదలచిన విషయము మీ యిండ్లలో ఇదివరకే చర్చకు వచ్చియుండును. ఇంట నొక లాప్‌టాపు ఉన్నది. దానిని కొని ఎనిమిదేండ్లో పదేండ్లో అయినది. పిల్లల చదువునకు, మీభూమిలో అడంగలు చూచుటకు, బ్యాంకు లెక్కలు సరిచూచుకొనుటకు, పైదేశమందున్న బిడ్డతో ముఖాముఖి మాటలాడుటకు అది పనికివచ్చుచున్నది. ఇంతలో పట్టణమునుండి వచ్చిన మనుమడు, "తాతయ్యా, దీనికి కాలము చెల్లినది, క్రొత్తది కొనవలెను" అని చెప్పుచున్నాడు. పెద్దలకు సందేహము కలుగుట సహజము. యంత్రము నిన్నటివలెనే వెలుగుచున్నది. అక్షరములు నిన్నటివలెనే పడుచున్నవి. మరి చెల్లినది దేని కాలము? లాప్‌టాపు ధర చిన్న మొత్తము కాదు. మిరపకు మందు కొట్టు తరుణమున, పత్తితీతకు కూలి యిచ్చు తరుణమున ఆ సొమ్మునకు వేరు అవసరములెన్నియో కలవు. కాబట్టి భయపడి కొనుటయు తగదు, తోసిపుచ్చుటయు తగదు. విషయమును విడదీసి చూతము.

లాప్‌టాపునందు రెండు భాగములు కలవు. తెర, మీటలు, బ్యాటరీ, లోపలి పరికరములు దాని శరీరము. ఆ శరీరమును నడుపు ఆజ్ఞల సముదాయము రెండవ భాగము. దానిని ఆపరేటింగు సిస్టము అందురు. మన యిండ్లలోని లాప్‌టాపులలో పెక్కింటిని నడుపునది మైక్రోసాఫ్టు కంపెనీవారి విండోస్. వారు కొన్ని యేండ్లకొకమారు క్రొత్త విండోస్‌ను వెలువరింతురు; పాతదానిని కొంతకాలము సంరక్షించి, పిమ్మట విడిచిపెట్టుదురు. 2001లో వెలువడిన విండోస్ ఎక్స్‌పీకి సంరక్షణ 2014 ఏప్రిల్ 8న ముగిసినది. విండోస్ 7కు 2020 జనవరి 14న ముగిసినది. 2015 జూలైలో వెలువడిన విండోస్ 10కి 2025 అక్టోబరు 14 కడపటి దినమైనది. మనుమడు చెప్పుచున్నది ఈ దినమును గూర్చియే.

సంరక్షణ అనగానేమి? ఒక విండోస్‌లో కోట్లకొలది పంక్తుల ఆజ్ఞలుండును. అంత పెద్ద కట్టడమును మనుష్యులు కట్టినప్పుడు ఎచ్చటనో యొక సందు మిగిలియే యుండును. దొంగలు ఆ సందులను వెదకుచుందురు. కంపెనీవారును వెదకుచుందురు. దొరకిన సందులను మూయు సవరణలను వారు ప్రతినెల రెండవ మంగళవారమున ఇంటర్‌నెట్టుద్వారా పంపుచుందురు. మన పిల్లలు 'అప్‌డేటు' అని పిలుచునది ఇదియే. సంరక్షణ ముగియుట యనగా ఈ సవరణలు నిలిచిపోవుట. యంత్రము ఆగిపోదు, దాని కావలివాడు మాత్రము వెడలిపోవును.

పత్తి పండించు మీకు ఈ సంగతి సులభముగ బోధపడును. 2002లో బీటీ పత్తికి మన దేశమున అనుమతి లభించినది. తొలియేండ్లలో కాయతొలుచు పురుగు ఆ పైరును ముట్టలేకపోయినది. కాలక్రమమున గులాబీరంగు పురుగు ఆ విషమును తట్టుకొనుట నేర్చినది. విత్తనము మారలేదు, పురుగు మారినది. సంరక్షణ లేని విండోస్ స్థితియు నిట్టిదే. నిన్నటివరకు చక్కగా నడచినది గనుక రేపును క్షేమమే యనుట, నిరుడు పురుగు పట్టలేదు గనుక ఈయేడును పట్టదనుట వంటిది.

ఈ యపాయము ఊహామాత్రము కాదు. 2017 మే 12న 'వానాక్రై' అను దుష్టప్రోగ్రాము లోకమంతట వ్యాపించినది. అది కంప్యూటరులో జొరబడి అందలి పత్రములన్నిటికి తాళము వేసి, 300 డాలర్లు చెల్లించినగాని తెరువనని తెరమీద వ్రాసెడిది. సుమారు 150 దేశములలో రెండు లక్షలకు పైగా కంప్యూటర్లు దాని వాతబడినవి. ఇంగ్లండులోని ప్రభుత్వ వైద్యశాలలలో వేలకొలది రోగులకు చికిత్సలు వాయిదాపడినవి. మన రాష్ట్రమున చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖపట్నము, శ్రీకాకుళము జిల్లాలలో కొన్ని పోలీసు కార్యాలయముల కంప్యూటర్లు దెబ్బతినినట్లు నాటి పత్రికలు ప్రకటించినవి. నాడు క్రోసూరు గుంటూరు జిల్లాలోనిదే. పల్నాడు జిల్లా 2022 ఏప్రిల్ 4న ఏర్పడినది.

ఈ యుదంతమున గమనింపదగిన అంశమొకటి కలదు. ఆ సందును మూయు సవరణను మైక్రోసాఫ్టువారు 2017 మార్చి 14ననే, అనగా రెండు నెలలు ముందుగనే, పంపియుండిరి. దానిని వేసికొన్న యంత్రములలోనికి వానాక్రై ఆ సందున ప్రవేశింపలేదు. వేసికొననివి చిక్కినవి. అప్పటికే సంరక్షణ ముగిసిన ఎక్స్‌పీకి, ఆపద మించిన పిమ్మట, ప్రత్యేకముగ నొక సవరణను విడుదల చేసిరి. కాని అట్టి యనుగ్రహము ప్రతిమారు లభించునని నమ్మియుండరాదు. క్రొత్త లాప్‌టాపు కొని అప్‌డేటులను వేయనివాడు, పాతది వాడువానికంటె క్షేమముగ నుండడని కూడ దీనివలన తెలియుచున్నది.

సంరక్షణ ముగిసిన మరునాడే అంతయు చెడదు. ఇబ్బంది మెల్లగ వచ్చును. విండోస్ 7నే చూడుడు. దాని సంరక్షణ 2020 జనవరిలో ముగిసినను, క్రోము బ్రౌజరు మరి మూడేండ్లు దానిపై నడచినది. 2023 ఫిబ్రవరినుండి క్రొత్త క్రోము దానిపై నడచుట మానినది. బ్రౌజరు పాతబడిన కొలది బ్యాంకుల, ప్రభుత్వ కార్యాలయముల పుటలు ఒకటొకటిగ తెరచుకొనుట మానును. కాబట్టి ఆలోచించుకొనుటకు వ్యవధి యున్నది. ఆలోచింపకుండుటకు మాత్రము లేదు.

ఇక నిర్ణయమెట్లు? మొదట ఈ ప్రశ్న వేసికొనుడు: ఈ యంత్రమునకు మనము ఏమి యప్పగించియున్నాము? పెండ్లి ఫోటోలు చూచుటకు, పాటలు వినుటకు, ఉత్తరములు వ్రాసికొనుటకు మాత్రమే వాడుదురేని, ఇంటర్‌నెట్టును విడదీసి, దానిని చెడువరకు వాడుకొనవచ్చును. ఇతరుల పెన్‌డ్రైవును మాత్రము దానికి తగిలింపకుడు. రోగము ఆ మార్గమునను వచ్చును. బ్యాంకు వ్యవహారములు, జీఎస్టీ పత్రములు, డిజిటలు సంతకములు, సహకార సంఘపు లెక్కలు, ఇతరుల ఆధారు వివరములు అందున్నయెడల సంగతి వేరు. అప్పుడు పోవునది లాప్‌టాపు వెల కాదు, బ్యాంకులోని పంటసొమ్ము; ఒక్కొక్కమారు మనలను నమ్మి కాగితములిచ్చిన పొరుగువారి సొమ్మును కావచ్చును. కావలిలేని యింట ధాన్యము పోయరు గదా. అట్టి పనులను సంరక్షణ లేని యంత్రముపై ఒక్కదినమైనను చేయదగదు.

రెండవ ప్రశ్న: ఈ శరీరమునకే క్రొత్త విండోస్ నెక్కింపవచ్చునా? 2021 అక్టోబరులో వెలువడిన విండోస్ 11ను, అర్హత గల విండోస్ 10 యంత్రములకు ఉచితముగ ఇచ్చుచున్నారు. అర్హతకు 4 జీబీ ర్యాము, 64 జీబీ నిలువ, టీపీఎం 2.0 అను రక్షణ పరికరము, కంపెనీవారి పట్టికలోనున్న ప్రాసెసరు ఉండవలెను. ఇంటెల్ ప్రాసెసర్లలో సాధారణముగ ఎనిమిదవ తరమును ఆపైవియు ఆ పట్టికలో చేరును. సుమారు 2018కి ముందు కొన్న యంత్రములలో పెక్కు దీనిని దాటలేవు. సెట్టింగులలో విండోస్ అప్‌డేట్ అనుచోట చూచినచో మీ యంత్రము అర్హమగునో కాదో తెలియును. అర్హమైనయెడల ఒక్క రూపాయియు వ్యయము లేకుండ మీ సమస్య తీరినట్లే. కొనుటకు ముందు ఇది చూడనివారు అనవసరముగ సొమ్ము పోగొట్టుకొందురు.

అర్హత లేనివారికి కంపెనీవారు కొంత గడువిచ్చిరి. పేరు నమోదు చేసికొన్న గృహస్థులకు 2026 అక్టోబరు 13 వరకు రక్షణ సవరణలు పంపుదుమని 2025లో ప్రకటించిరి. దీనికి 30 డాలర్ల రుసుము; తమ అమరికలను మైక్రోసాఫ్టు ఖాతాలో భద్రపరచుకొనువారికి ఉచితము. ఇది రోగమును కుదుర్చు మందు కాదు. పంట చేతికి వచ్చువరకు అప్పు వాయిదా వేసినట్టిది.

మూడవ మార్గము ఆపరేటింగు సిస్టమునే మార్చుట. ఫిన్లండు దేశపు విద్యార్థి లీనస్ టోర్వాల్డ్స్ 1991లో ఆరంభించిన లినక్స్ ఎల్లరకు ఉచితము. ఉబుంటు, లినక్స్ మింట్ అనునవి దాని రూపభేదములు. విండోస్ 11 నిరాకరించిన యంత్రములు పెక్కు వీనితో చక్కగ నడచును. సవరణలును క్రమముగ వచ్చును. హైదరాబాదున స్వేచ్ఛ అను సంస్థవారు ఇట్టి స్వేచ్ఛా సాఫ్టువేరును తెలుగున తెచ్చుటకు కృషిచేసినారు. బ్రౌజరు, ఉత్తరములు, లెక్కల పట్టికలు, పిల్లల పాఠములు వీనికి లినక్స్ చాలును. కాని టాలీవంటి లెక్కల ప్రోగ్రాములు విండోస్‌కొరకే చేయబడినవి. కొన్ని ప్రింటర్లు, వేలిముద్ర పరికరములు, సంతకపు టోకెనులు లినక్స్‌తో సరిగ కుదరకపోవచ్చును. కాబట్టి తెలిసిన పిల్లవానిచే మొదట పెన్‌డ్రైవునుండి దానిని నడిపించి, మన పనులు జరుగుచున్నవో లేవో చూచి, పిమ్మటనే స్థిరపరచుకొనుడు.

నాల్గవ ప్రశ్న శరీరమును గూర్చినది. యంత్రము నెమ్మదించుటకు పెక్కుసార్లు లోపల తిరుగు హార్డు డిస్కే కారణము. దాని స్థానమున ఎస్‌ఎస్‌డీ వేయించినచో పాత లాప్‌టాపు ఆశ్చర్యకరముగ చురుకెక్కును. బ్యాటరీని మార్పించుటయు పెద్ద వ్యయము కాదు. అట్లుగాక, తెర పగిలి, కీలు విరిగి, మదర్‌బోర్డు చెడి, మరమ్మతుల మొత్తము క్రొత్తదాని ధరలో సగమునకు సమీపించునేని, ఆ సొమ్మును క్రొత్తదానిపై పెట్టుటయే మేలు. విండోస్ 11 ఎక్కక, లినక్స్ మీ పనికి కుదరక, బ్యాంకుపనులు తప్పనిసరియైనచో, ఇక సందేహింపవలదు, మార్చవలసినదే.

కొనునప్పుడొక హెచ్చరిక. సంరక్షణ ముగిసిన యంత్రములు ఇప్పుడు పాతసామానుల అంగళ్లకు చేరి చౌకగా దొరకును. పైన మెరుగుపెట్టినను లోపలి ప్రాసెసరు పాతదే. ఏ తరము ప్రాసెసరు, విండోస్ 11ను కంపెనీవారి అంగీకారముతోనే నడుపుచున్నదా అని అడిగి, వ్రాతమూలకముగ రసీదు పొందుడు. కొందరు అనర్హమైన యంత్రములపై ఉపాయముచే విండోస్ 11ను ఎక్కింతురు. అట్టివానికి సవరణలు వచ్చునను పూచీ లేదు.

ఏ మార్గము త్రొక్కినను, మొట్టమొదట ఫోటోలు, పత్రములు, లెక్కలు అన్నిటిని వేరొక డిస్కులోనికి ఎక్కించి, ఆ డిస్కును లాప్‌టాపునుండి విడదీసి భద్రపరచుడు. నకలు ఇంట నున్నవాడు వానాక్రైవంటి దొంగకు వెరవనక్కరలేదు. పాతదానిని ఇతరుల కిచ్చునప్పుడు అందలి సమాచారమును పూర్తిగ తుడిపింపుడు. లేదా డిస్కును తీసి ఉంచుకొనుడు. చెడిన యంత్రమును చెత్తకుప్పలో వేయరాదు, బ్యాటరీని నిప్పునకు చేర్చరాదు. 2022లో లోకమున 6 కోట్ల 20 లక్షల టన్నుల విద్యుత్పరికరముల చెత్త పోగుపడగా, దానిలో నాల్గవవంతు కూడ పద్ధతిగ శుద్ధికి చేరలేదు. 2023 ఏప్రిల్ 1నుండి మన దేశమున అమలులోనున్న నియమముల ననుసరించి, అట్టి చెత్త శుద్ధికి తయారుచేసిన కంపెనీలు బాధ్యత వహింపవలెను.

తుదకొక మాట. "మీ విండోస్ గడువు ముగిసినది, మేము మైక్రోసాఫ్టునుండి మాటలాడుచున్నాము, మీ లాప్‌టాపును మాకు చూపుడు" అని ఫోనులో ఎవడైన పలికినచో నమ్మకుడు. కంపెనీవారు అడుగనివారికి అట్లు ఫోను చేయరు. ఓటీపీని ఎవరికిని చెప్పకుడు. పొరబాటున సొమ్ము పోయినచో, ఆలస్యము చేయక 1930 సంఖ్యకు ఫోను చేసి ఫిర్యాదు నిండు.

మనుమడు చెప్పిన దినము నిజమే. కాని అది యంత్రపు మరణదినము కాదు, కావలి తొలగిన దినము. కావలి తొలగినప్పుడు ఇంటియజమాని చేయు పని ఇల్లు కూల్చుట కాదు. లోపల ఏమున్నదో లెక్కచూచుకొని, విలువైనదానిని సురక్షితమైన చోటికి చేర్చుట. ఈ వారములోనే పిల్లలను దగ్గర కూర్చుండబెట్టుకొని, మీ లాప్‌టాపు ఏ విండోస్‌పై నడచుచున్నదో, విండోస్ 11కు అర్హమో కాదో చూపింపుడు. పిమ్మట కొనుటయో మానుటయో మీరే నిర్ణయింపుడు.