పవర్‌బాల్‌లో చిన్న బహుమతుల లెక్క

అమెరికాలో అనేక రాష్ట్రాలు కలిసి నడిపే పవర్‌బాల్ లాటరీలో వార్తలకెక్కేది కోట్ల డాలర్ల జాక్‌పాటే అయినా, టికెట్ కొన్నవారికి ఎప్పుడైనా ఏదైనా దక్కితే అది దాని కిందనున్న ఎనిమిది చిన్న బహుమతుల్లో ఒకటే అయివుంటుంది. 2015 అక్టోబరు నుంచి అమలులో ఉన్న పద్ధతిలో, రెండు డాలర్ల టికెట్ మీద 69 తెల్ల బంతుల సంఖ్యల్లో ఐదింటిని, 26 ఎర్ర బంతుల సంఖ్యల్లో ఒకదాన్ని ఎంచుకోవాలి. ఆరూ కలిసే అవకాశం 29,22,01,338లో ఒకటి.

తెల్లవి ఐదూ కలిసి ఎర్రది తప్పితే 10 లక్షల డాలర్లు, నాలుగు తెల్లవాటితో ఎర్రది కలిస్తే 50,000 డాలర్లు వస్తాయి. ఆ మెట్టు దిగగానే మొత్తం 100కు, తర్వాత 7కు, చివరకు 4 డాలర్లకు పడిపోతుంది. ఎర్రది ఒక్కటే కలిసినా, దానికి ఒక తెల్లది తోడైనా వచ్చేది ఆ 4 డాలర్లే. ఎర్ర బంతులు 26 కనుక, ఎర్రది ఒక్కటే కలిసే అవకాశం 26లో ఒకటి అనిపిస్తుంది గాని, ఈ వర్గంలో చేరాలంటే తెల్లవి ఐదూ తప్పడం కూడా అవసరం కాబట్టి అది సుమారు 38లో ఒకటవుతుంది.

ఏదో ఒక బహుమతి దక్కే అవకాశం దాదాపు 25లో ఒకటి అన్న ప్రకటన నిజమే. అయితే గెలిచిన ప్రతి 100 టికెట్లలో సుమారు 92 టికెట్లకు అందేది 4 డాలర్లేనన్న సంగతి అందులో కనిపించదు, ఆటగాళ్లకు అన్నిటికంటే ముందు చెప్పవలసింది మాత్రం అదే. ఎనిమిది బహుమతుల్నీ వాటి వాటి అవకాశాలతో గుణించి కూడితే, టికెట్ ఒక్కింటికి వచ్చే సగటు రాబడి సుమారు 32 సెంట్లు, అంటే పెట్టిన సొమ్ములో ఆరో వంతుకు కూడా చేరదు.

ఈ బహుమతులు చాలా రాష్ట్రాల్లో ముందే నిర్ణయించిన మొత్తాలు కాబట్టి, గెలిచినవారు అనుకోకుండా పెరిగితే ఆ భారం నిర్వాహకుల మీదే పడుతుంది. 2005 మార్చి 30న జరిగిన డ్రాలో నలుగురైదుగురికి రావలసిన రెండో బహుమతి 110 మందికి వచ్చినప్పుడు, మోసం జరిగిందేమోనని మొదట అనుమానించిన అధికారులకు, న్యూయార్క్‌లోని ఒక కర్మాగారం తయారుచేసిన ఫార్చ్యూన్ కుకీల్లోని చీటీల మీద అచ్చైన సంఖ్యల్నే ఎందరో ఎంచుకున్నారని తర్వాత తెలిసింది. చీటీలోని చివరి సంఖ్య 40 కాగా డ్రాలో 42 రావడంతో జాక్‌పాట్ తప్పిపోయింది గాని, 89 మందికి అప్పటి రెండో బహుమతి లక్ష డాలర్ల చొప్పున, అదనపు రుసుముతో బహుమతిని పెంచే పవర్ ప్లే తీసుకున్న 21 మందికి 5 లక్షల చొప్పున చెల్లించవలసి వచ్చింది.

కాలిఫోర్నియాలో పద్ధతి వేరు: అక్కడ టికెట్ల అమ్మకాల్లో నిర్ణీత భాగాన్ని ఒక్కో వర్గానికి నిధిగా కేటాయించి, ఆ వర్గంలో గెలిచినవారందరికీ సమానంగా పంచుతారు. అందువల్ల పుట్టినరోజుల ఆధారంగా 31 వరకు ఉన్న సంఖ్యలే ఎంచుకునేవారికి గెలిచే అవకాశం ఏమాత్రం తగ్గకపోయినా, అవే సంఖ్యలు రాసినవారు ఎక్కువమంది ఉన్నప్పుడు గెలిచిన రోజున చేతికందే వాటా తగ్గుతుంది.