రెండున్నర గంటల ఆట... టిక్కెట్టు లేదు!

తెలుగు సినిమా ఎంతసేపు? అటూ ఇటూగా రెండున్నర గంటలు. అంటే 150 నిమిషాలు. తమాషా ఏమిటంటే, పెద్దవాళ్ళు వారానికి కనీసం 150 నిమిషాలైనా చురుగ్గా నడవడమో, సైకిలు తొక్కడమో చెయ్యాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో వేసిన లెక్కా సరిగ్గా అదే! పద్ధెనిమిదేళ్ళు నిండని తమ్ముళ్ళకీ చెల్లెళ్ళకీ అయితే రోజుకో గంట. వారానికో సినిమా చూసే మనకి, వారానికో సినిమా అంత నడక బరువా చెప్పండి?

చురుగ్గా అంటే పరుగెత్తమని కాదు. దానికో సులువైన కొలబద్ద ఉంది. నడుస్తూ పక్కవాళ్ళతో మాట్లాడగలగాలి గానీ, పాట పాడలేకపోవాలి! పల్లవీ, రెండు చరణాలూ హాయిగా పాడేస్తున్నారంటే మీది నడక కాదు, షికారు.

నేనుండేది విశాఖపట్నంలో. మా ఊరు సినిమా వాళ్ళకి కొత్త కాదు. 1978లో బాలచందర్ గారు ‘మరోచరిత్ర’ని ఈ విశాఖ, భీమిలి తీరాల్లోనే తీశారు. రంగులు లేకపోయినా ఆ సముద్రం ఎంత అందంగా ఉందో చూసినవాళ్ళకి తెలుసు. ఆ తర్వాత ఎన్ని యుగళగీతాలు ఇక్కడ తీశారో లెక్కలేదు. కానీ తెరమీద నాలుగు నిమిషాల్లో అయిపోయే ఆ దారి, కాళ్ళకి దొరికినప్పుడు వేరే సినిమాలా ఉంటుంది.

మా పిన్ని కూతురికి ఇరవై నాలుగేళ్ళు. కంప్యూటర్ ముందు ఉద్యోగం. పోయినేడాది రక్తపరీక్ష చేయిస్తే, “షుగర్ గుమ్మం దగ్గర నిలబడ్డావమ్మా, లోపలికి అడుగు పెట్టకు” అన్నారు డాక్టరు గారు. వాళ్ళ నాన్నగారికి ఆ జబ్బు ముప్ఫై ఎనిమిదో ఏటే వచ్చింది. అందుకని ఇంట్లో అందరికీ గుండెల్లో రాయి పడింది. నడవమంటే మాత్రం, “వాకింగా అన్నయ్యా! అది రిటైరైన వాళ్ళ పని కదా” అంది. “సరే, షూటింగు స్పాట్లు చూపిస్తాను, రా” అన్నాను. వెంటనే చెప్పులు మార్చుకుని బూట్లు వేసుకుంది!

మా మొదటి రీలు కోస్టల్ బ్యాటరీ దగ్గర్నుంచి పార్కు హోటల్ దాకా. రమారమి మూడు కిలోమీటర్లు. తెల్లవారుజామున కొంతసేపు ఇక్కడ వాహనాలు రానివ్వరు. అప్పుడు చూడాలి! స్కేటింగు పిల్లలూ, సైకిళ్ళ వాళ్ళూ, చేతులు ఊపుకుంటూ నడిచే తాతగార్లూ... రోడ్డంతా మనదే. దారిలో కురుసుర జలాంతర్గామి ఒడ్డుకొచ్చి కూర్చున్నట్టు కనిపిస్తుంది. 2001లో నౌకాదళం నుంచి విశ్రాంతి తీసుకుని, మరుసటేడే మ్యూజియం అయింది. దాని ఎదురుగానే 2017లో తెరిచిన టీయూ-142 విమానం. లోపలికి వెళ్తేనే టిక్కెట్టు, పక్కనుంచి నడిస్తే లేదు!

రెండో రీలు జాలరిపేట మీదుగా తెన్నేటి పార్కు. కుడిపక్క సముద్రం, ఎడమపక్క పైన కైలాసగిరి. అక్కడ తలమీద చేపలగంపతో ఓ పెద్దావిడ మమ్మల్ని ఇట్టే దాటిపోయింది. “ఇంత వేగమేంటమ్మా?” అన్నాను. “మీకు నడక సరదా బాబూ, మాకు పని. చేప ఆగుతాదేటి?” అంది వెనక్కి తిరగకుండానే. మా చెల్లెలు ఆ రోజు ఇంకేం మాట్లాడలేదు గానీ, మర్నాడు నాకంటే ముందే లేచి తలుపు తట్టింది.

నెల తిరిగాక సైకిళ్ళు తీశాం. విశాఖ నుంచి భీమిలికి పాతిక కిలోమీటర్ల పైనే. తాపీగా తొక్కితే రెండు గంటలు. దారిలో రుషికొండ ఇంటర్వెల్. తర్వాత తొట్లకొండ. రెండువేల ఏళ్ళనాటి బౌద్ధుల ఆరామం, 1976లో నౌకాదళం సర్వేలో బయటపడింది. నీళ్ళకోసం రాతిలో తొలిచిన తొట్లవల్లే ఆ పేరు. ఆ కొండ ఎక్కేటప్పుడు సైకిలు దిగి తోసుకెళ్తే పరువేం పోదు!

ఆ పైన ఎర్రమట్టి దిబ్బలు. గాలీ, వానా, సముద్రమూ కలిసి వేల ఏళ్ళు కష్టపడి వేసిన సెట్టింగు! 2014లో వీటిని జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించారు. ఇక్కడ మాత్రం ఒక్క మాట వినండి. సైకిలు బయటే పెట్టండి. చక్రాల గాడి పడితే, వాననీరు అందులోంచే మట్టిని కోసుకుపోతుంది. సినిమా సెట్టయితే మళ్ళీ వేస్తారు, దీన్ని వెయ్యగల ఆర్ట్ డైరెక్టరు లేడు.

చివర భీమిలి. గోస్తని సముద్రంలో కలిసేచోట కాసేపు కూర్చుని, ఓ కొబ్బరిబొండాం తాగి వెనక్కి. అన్నట్టు, వేసవిలో ఇక్కడ పోయేటప్పుడు వీపు తట్టిన గాలే వచ్చేటప్పుడు విలనై ఎదురు నిలుస్తుంది. అందుకే ఓపికలో సగం కంటే ఎక్కువే తిరుగుప్రయాణానికి దాచుకోండి. ఈ దారి పొడుగునా సైకిళ్ళకి వేరే బాట లేదు. కాబట్టి తలకి హెల్మెట్, వెనక ఎర్రదీపం, సంచిలో నీళ్ళూ, పంక్చరు సామానూ తప్పనిసరి. ఫుట్‌పాత్ లేనిచోట నడిచేవాళ్ళు ఎదురొచ్చే బండ్లు కనిపించేలా కుడిపక్కన నడవాలి.

నాలుగు నెలలకి మా చెల్లెలి రక్తంలో చక్కెర అంకె కిందికి దిగింది. అదంతా నడక గొప్పే అనను. రాత్రిపూట అన్నం కూడా తగ్గించింది మరి. “గుమ్మం దిగావు, మళ్ళీ ఎక్కకు” అన్నారుట డాక్టరు గారు.

మా ఊళ్ళో సముద్రం ఉంది కాబట్టి చెప్పొచ్చావు అంటారా? రాజమండ్రి వాళ్ళకి గోదావరి గట్టుంది. వరంగల్ వాళ్ళకి భద్రకాళి చెరువుకట్ట ఉంది. హైదరాబాదులో ఔటర్ రింగురోడ్డు పక్కన, పైన సౌరఫలకాల కప్పుతో ఇరవై మూడు కిలోమీటర్ల సైకిలు బాట 2023లో వేశారు. ఏదీ లేకపోతే, మీ ఇంటి నుంచి సినిమాహాలు దాకా ఉన్న రోడ్డయినా ఉందిగా! ఈ ఆదివారం మ్యాట్నీకి బండి తియ్యకుండా బయల్దేరి చూడండి. టైటిల్స్ పడేలోగా చేరుతారో లేదో!