మైదానంలో డిస్కస్‌.. తెరపై గద

తెలుగువారికి భీముడనగానే ‘పాండవ వనవాసం’(1965)లోని ఎన్టీ రామారావు గుర్తుకొస్తారు. 1988 తర్వాత ఆ పక్కన మరో రూపం చేరింది. ఆదివారం ఉదయం దూరదర్శన్‌లో ప్రసారమైన ‘మహాభారత్‌’లో గద భుజాన వేసుకుని నడిచిన ఆజానుబాహువును హిందీ రాని పల్లెల్లోనూ భీముడిగానే ఆదరించారు. ఆయనే ప్రవీణ్‌కుమార్‌ సోబ్తీ. నటుడు కాకముందే ఆయన రెండు ఒలింపిక్స్‌లో పాల్గొన్న క్రీడాకారుడని, సరిహద్దు భద్రతా దళం(బీఎస్‌ఎఫ్‌) అధికారి అని తెలిసినవారు తక్కువ.

బలమొక్కటే చాలదు

సోబ్తీ 1947లో పంజాబ్‌లోని సర్హాలీ గ్రామంలో జన్మించారు. డిస్కస్‌ త్రో, హ్యామర్‌ త్రో ఆయన క్రీడలు. పురుషుల డిస్కస్‌ బరువు 2 కిలోలు, హ్యామర్‌ బరువు 7.26 కిలోలు. చిన్న వలయంలో గిరగిరా తిరుగుతూ, గీత దాటకుండా వాటిని విసరాలి. చేతి బలం కన్నా పాదాల లయ, నడుము తిప్పే వేగం, వదిలే క్షణం దూరాన్ని నిర్ణయిస్తాయి. ఈ విద్యలో ఆరితేరిన సోబ్తీ 1966, 1970 బ్యాంకాక్‌ ఆసియా క్రీడల్లో డిస్కస్‌లో స్వర్ణాలు, 1974 టెహ్రాన్‌లో రజతం సాధించారు. 1966 కింగ్‌స్టన్‌ కామన్వెల్త్‌ క్రీడల్లో హ్యామర్‌లో రజతం దక్కించుకున్నారు. 1967లో అర్జున అవార్డు అందుకున్నారు. 1968 మెక్సికో, 1972 మ్యూనిక్‌ ఒలింపిక్స్‌లో దేశానికి ప్రాతినిధ్యం వహించారు.

ఆటే ఉద్యోగమిచ్చింది

ఆ రోజుల్లో అథ్లెట్లకు పతకమే తప్ప పారితోషికం ఉండేది కాదు. పౌష్టికాహారం, నిత్య సాధన, ప్రయాణాలు సామాన్య కుటుంబాలకు భారమే. ఆ లోటును పోలీసు, రైల్వే, సైనిక విభాగాలు తీర్చాయి. క్రీడాకారుడికి జీతం, సాధనకు వెసులుబాటు దొరికేవి. విభాగానికి పతకాల గౌరవం దక్కేది. 1965లో ఏర్పడిన బీఎస్‌ఎఫ్‌ కూడా అదే బాట పట్టింది. అందులో సోబ్తీ డిప్యూటీ కమాండెంట్‌ హోదాకు చేరారు. కేంద్ర బలగాల్లో క్రీడా కోటా నియామకాలు నేటికీ కొనసాగుతున్నాయి. పోలీసు ఉద్యోగం కోసం తెల్లవారుజామునే కళాశాల మైదానాల్లో షాట్‌పుట్‌ విసిరే మన యువకులకు ఈ దారి కొత్తది కాదు.

తెర పిలిచింది

ఆట విరమించాక 1980వ దశకంలో ఆయన హిందీ చిత్రాల్లో అడుగుపెట్టారు. ‘షహెన్‌షా’(1988)లో అమితాబ్‌ బచ్చన్‌తో తలపడే వస్తాదుగా కనిపించారు. బీఆర్‌ చోప్రా ‘మహాభారత్‌’లో భీముడి పాత్ర ఇంటింటికీ చేర్చింది. కమల్‌హాసన్‌ నాలుగు పాత్రలు పోషించిన ‘మైకేల్‌ మదన కామరాజు’లో భీమ్‌గా నవ్వులు పూయించారు. 2020 లాక్‌డౌన్‌ వేళ ‘మహాభారత్‌’ పునఃప్రసారమైనప్పుడు కొత్త తరమూ ఆయనను చూసింది.

మిగిలిన వెలితి

వృద్ధాప్యంలో వెన్నునొప్పి ఆయనను ఇంటికే పరిమితం చేసింది. ఆసియా పతక విజేతలకిచ్చే పింఛను తనకు అందలేదని, పంజాబ్‌లో ఏ ప్రభుత్వమూ పట్టించుకోలేదని 2021లో ఆవేదన వెలిబుచ్చారు. బీఎస్‌ఎఫ్‌ పింఛను వస్తున్నా ఖర్చులకు చాలడం లేదన్నారు. 2022 ఫిబ్రవరి 7న ఢిల్లీలో కన్నుమూశారు.

జాతి మెచ్చిన భీముడికే ఈ అనుభవం ఎదురైతే, జిల్లా స్థాయి క్రీడాకారుల సంగతి చెప్పనక్కర్లేదు. అంతర్జాతీయ పతక విజేతలకు పింఛనిచ్చే కేంద్ర పథకం 1994 నుంచి ఉంది. ముప్ఫై ఏళ్లు నిండి, ఆట నుంచి విరమించినవారు దరఖాస్తు చేసుకోవాలి. అడగకుండా ఇంటికి రాదు. అందుకే ధ్రువపత్రాలను పతకాలంత భద్రంగా దాచుకోవాలి. చప్పట్లు మైదానంలోనే ఆగిపోతాయి. చివరి వరకు వెంట నడిచేవి ఉద్యోగం, పింఛను మాత్రమే.