తూర్పు నుండి వచ్చు వాన

ఆసిఫాబాదు సంతలో ఒక పత్తి రైతు నన్నొకమారు నిలదీసి అడిగిన ప్రశ్నతో ఈ ప్రసంగమును ఆరంభింతును. "రేడియోల మీరు నైరుతి రుతుపవనాలంటరు. మాకు ముసురు పట్టేదేమో బంగాళాఖాతంల గుండం లేస్తేనే. నైరుతి అటు, బంగాళాఖాతం ఇటు. ఇదేం లెక్క సారూ?" అని ఆయన అడిగెను. ఎన్నో యేండ్లుగా వాతావరణ సూచనలు చదువుచున్నవాడనే గాని, ఆనాడు నేను సరియైన సమాధానము చెప్పలేకపోతిని.

రెండును నిజమే. అరేబియా సముద్రము మీదుగా వచ్చు నైరుతి గాలి తన తేమలో చాల భాగమును పడమటి కనుమల మీదనే కుమ్మరించి, దక్కను పీఠభూమిని చేరునప్పటికి సగము చేతులు దులుపుకొని వచ్చును. ఇంకొక పాయ బంగాళాఖాతమును చుట్టివచ్చును. ఆ ఖాతపు ఉత్తర భాగమున పుట్టిన అల్పపీడనములు ఒడిశా తీరమును దాటి, ఛత్తీసుగఢు మీదుగా పడమటి-వాయవ్య దిశకు సాగును. అట్లు సాగు గుండమునకు నైరుతి భాగమున వర్షము మిక్కుటముగా కురియును. గుండము ఛత్తీసుగఢు మీద నున్నప్పుడు ఆ నైరుతి భాగము క్రిందికి వచ్చునది విదర్భయు, మన ఆసిఫాబాదు, ఆదిలాబాదు ప్రాంతములును. పెద్దవాగు పొంగుటయు, ప్రాణహిత ఒడ్డులొరయుటయు తరచుగా ఆ దినములలోనే.

అయితే ఆ గుండములు అక్కడనే, ఆ నెలలలోనే ఎందుకు పుట్టవలెను? భూమికి దగ్గరగా వీచు గాలులను మాత్రమే చూచుచున్నంతకాలము ఈ ప్రశ్నకు సగము జవాబే దొరకెను. రెండవ సగమును ఆకాశపు పైయంతస్తున వెదకినవారిలో ముఖ్యులు మన తెలుగువారైన పంచేటి కోటేశ్వరంగారు. 1915లో జన్మించిన ఆయన భారత వాతావరణ శాఖలో పనిచేసి, తరువాత ఆ శాఖకే అధిపతి అయిరి.

పైగాలిని చూచుట యెట్లు? తేలిక వాయువు నింపిన బెలూనును వదలి, అది కొట్టుకొనిపోవు తీరును కనిపెట్టవలెను. దానికి కట్టిన చిన్న పరికరము వేడిమిని, తేమను, పీడనమును రేడియో సంకేతములుగా క్రిందికి పంపును; మా వృత్తికి దూరపు చుట్టమన్నమాట. 1950 తరువాత ఇట్టి లెక్కలు సమకూరుచుండగా కోటేశ్వరంగారు వానిని కూర్చి చూచిరి. వేసవి రుతుపవన కాలమున, క్రింద పడమటి గాలి వీచుచుండగా, దక్షిణ భారతము మీద సుమారు 14 నుండి 16 కిలోమీటర్ల యెత్తున గంటకు నూరు కిలోమీటర్లకు మించిన వేగముతో తూర్పుగాలి యొకటి ఆఫ్రికా దాక పరుగిడుచున్నదని 1958లో స్వీడను పత్రిక 'టెల్లస్'లో ప్రకటించిరి. దానినే ఉష్ణమండలపు తూర్పు జెట్ ప్రవాహమని నేడు ప్రపంచమంతట వ్యవహరించుచున్నారు.

దీని మూలము టిబెట్టులో నున్నది. సామాన్యముగా ఉత్తరమునకు పోయినకొలది గాలి చల్లబడును. కాని నాలుగు కిలోమీటర్లకు పైబడిన యెత్తుగల ఆ పీఠభూమి వేసవిలో ఎండకు కాగి, ఆకాశము నడుమ పెట్టిన పెనము వలె పైగాలిని వేడిచేయును. దక్షిణమున సముద్రము మీది గాలి అంతకన్న చల్లగా నుండును. వేడి చలుల వరుస ఇట్లు తలక్రిందులగుటచే పైగాలి దిశయు మారి తూర్పునుండి వీచును. వానకాలము గడువగనే అది మాయమగును.

అదే 1958లో కోటేశ్వరంగారును సి. ఏ. జార్జిగారును కలిసి గుండముల పుట్టుకను వివరించిరి. పొగగొట్టము బాగుగా లాగినప్పుడే పొయ్యి రాజుకొనును గదా. ఖాతము మీద క్రింద గాలి గుమిగూడుచుండగా, ఆ చోటికి సరిగా పైన తూర్పుగాలి విచ్చుకొని గాలిని చెదరగొట్టినచో, క్రింది గాలి పైకి లాగబడి గుండము బలియును. పై లాగుడు లేనిచో అల్పపీడనము అల్పముగనే మిగులును. ఈ దృష్టి వచ్చిన పిమ్మట వాతావరణ పటము ఒక కాగితము కాక, ఒకదానిపై నొకటి పేర్చిన కాగితముల దొంతర యయ్యెను. 1979 నాటి అంతర్జాతీయ రుతుపవన పరిశోధనలోను ఈ పైగాలి ముఖ్య విషయమే. అనావృష్టి సంవత్సరములలో ఇది బలహీనముగా నుండుటను తరువాతి వారు గుర్తించిరి.

అయినను, నేటి గణన యంత్రములు సైతము గుండము రాకను కొన్ని దినముల ముందు పసిగట్టగలవు గాని, వాన కెరమెరిలో పడునా, తిర్యాణిలో పడునా అని ముందుగా నిశ్చయించి చెప్పలేవు. మిరుగము తొలిజల్లుకే పత్తి గింజ పెట్టి, పిదప రెండు వారములు మబ్బు తొంగిచూడక, మరల గింజ కొనవలసివచ్చిన రైతుకు ఈ భేదము అప్పు రూపమున తెలియును. 60 మిల్లీమీటర్లకు పైగా కురిసి నేల బాగుగా నానిన పిదపనే విత్తుడని వ్యవసాయ శాస్త్రజ్ఞులు చెప్పుట అందులకే. అతివృష్టి సంగతి వేరు. 2022 జూలైలో ఒడిశా వైపు అల్పపీడనమున్న దినములలో కడెము జలాశయమునకు 5 లక్షల క్యూసెక్కుల నీరు వచ్చిపడెను. గేట్లు వదలగలిగినది సుమారు 3 లక్షలు. దిగువ గ్రామములను ముందుగనే ఖాళీ చేయించిరి.

ఆ రైతు మరల కనబడినచో ఇంతమాత్రము చెప్పుదును. సూచనలో 'అల్పపీడనము' అన్నచో గాలి గంటకు 31 కిలోమీటర్లకు లోబడియున్నదనియు, 'వాయుగుండము' అన్నచో దానిని మించి సుమారు 50 వరకు పోవుననియు అర్థము. అది ఒడిశా తీరమును దాటి పడమటి-వాయవ్యముగా కదలుచున్నదని విన్నచో, పశువులను వాగు ఇవతలికి తోలుకొనుటకు సామాన్యముగా ఒకటి రెండు దినముల వ్యవధి యుండును.