స్పెక్ట్రమ్ (పాఠశాల పత్రిక)

స్పెక్ట్రమ్ అమెరికాలోని మిస్సోరి రాష్ట్రంలో, సెయింట్ లూయిస్ నగర సమీపాన గల హేజెల్‌వుడ్ ఈస్ట్ ఉన్నత పాఠశాల విద్యార్థులు వెలువరించిన వార్తాపత్రిక. 1983లో ఇందులోని రెండు పేజీల తొలగింపుపై తలెత్తిన వివాదం ఆ దేశ సుప్రీం కోర్టు వరకు వెళ్ళినందువలన ఇది ప్రసిద్ధి పొందింది.

తయారీ

పాత్రికేయ విద్య తరగతి విద్యార్థులే వార్తలు సేకరించి, వ్యాసాలు వ్రాసి, సంపాదకత్వం వహించేవారు. ఆ తరగతి ఉపాధ్యాయుడు పర్యవేక్షించి, ముద్రణకు ముందు పేజీల ప్రూఫులను ప్రధానోపాధ్యాయునికి పంపేవారు. సుమారు మూడు వారాలకొక సంచిక వెలువడేది. 1982-83 విద్యా సంవత్సరంలో 4,500కు పైగా ప్రతులు పంపిణీ అయ్యాయి. ముద్రణ వ్యయంలో అధిక భాగాన్ని పాఠశాల బోర్డు భరించింది.

వివాదం

1983 మే 13 నాటి సంచిక కొరకు గర్భవతులైన ముగ్గురు విద్యార్థినుల అనుభవాలపై ఒక వ్యాసం, తల్లిదండ్రుల విడాకులపై మరొక వ్యాసం సిద్ధమయ్యాయి. పేర్లు మార్చినప్పటికీ ఆ బాలికలను ఇతరులు గుర్తించగలరని, రెండవ వ్యాసంలో విమర్శకు గురైన తండ్రికి సమాధానం చెప్పుకొనే అవకాశం ఇవ్వలేదని ప్రధానోపాధ్యాయుడు భావించారు. సవరణలకు వ్యవధి లేదని తలచి, ఆ రెండు పేజీలను పూర్తిగా తొలగించమని ఆదేశించారు. దీనితో ఆయనకు అభ్యంతరం లేని ఇతర వ్యాసాలు కూడా అచ్చుకాలేదు.

తీర్పు

పత్రికలో పనిచేసిన ముగ్గురు విద్యార్థినులు దావా వేశారు. 1985లో జిల్లా కోర్టు పాఠశాల పక్షాన, 1986లో అప్పీలు కోర్టు విద్యార్థినుల పక్షాన తీర్పు చెప్పాయి. చివరకు 1988 జనవరి 13న సుప్రీం కోర్టు 5-3 ఆధిక్యతతో పాఠశాల చర్యను సమర్థించింది. పాఠ్యక్రమంలో భాగమైన పత్రికను సహేతుకమైన విద్యా ప్రయోజనాల కొరకు నియంత్రించవచ్చునని పేర్కొంది. అభ్యంతరకర భాగాలను మాత్రమే తొలగించడం, పేజీలను తిరిగి అమర్చడం వంటి మార్గాలు ఉన్నాయని జస్టిస్ బ్రెన్నన్ విభేదించారు. తరువాతి కాలంలో పలు రాష్ట్రాలు విద్యార్థి పత్రికలకు రక్షణ కల్పించే చట్టాలు చేశాయి.