బ్యాటరీ మూత వదులైతే: టీవీ రిమోట్ నుంచి వేప్ దాకా



గత నెల తొమ్మిదో తరగతి ఇంగ్లిష్ పీరియడ్‌లో పిల్లలకు ఒక చిన్న పని ఇచ్చాను. "మీ ఇంట్లో పాడైపోయినా ఇంకా వాడుతున్న వస్తువు ఒకదాని గురించి పది వాక్యాలు రాయండి" అన్నాను. వర్ణన రాయడం నేర్పాలన్నదే నా ఉద్దేశం. నోటు పుస్తకాలు దిద్దేసరికి మన ఊరి ఇళ్లన్నీ ఒక చుట్టు తిరిగి వచ్చినట్టయింది. పిడి ఊడిన కుక్కరు, స్టాండు లేని సైకిలు, కాలు ఊగే కుర్చీ. అన్నిటికంటే ఎక్కువ మంది రాసింది మాత్రం టీవీ రిమోట్ గురించి. బ్యాటరీ మూత పోయింది, రబ్బరు బ్యాండు వేశాం. అవ్వ బీపీ మిషన్‌కు ప్లాస్టరు అతికించాం. తమ్ముడి బొమ్మ కారుకు మూతే లేదు. చదువుతుంటే నవ్వొచ్చింది, మా ఇంట్లో రిమోటూ అంతే కాబట్టి.

ఒక అబ్బాయి మాత్రం వేరే వస్తువు గురించి రాశాడు. వాళ్ల అన్న దగ్గర పొగ వచ్చే పెద్ద పెన్ను లాంటిది ఒకటి ఉందట. దాని బ్యాటరీ మూత నిలవదట. సెల్లోటేపు చుట్టి వాడుతున్నాడట.

ఇంటర్వెల్‌లో పక్కకు పిలిచి అడిగాను. "అది మా పెదనాయన కొడుకుది మేడమ్, నాది కాదు" అన్నాడు ముందే. నేను తిట్టలేదు. "వేడెక్కుతుందా?" అని మాత్రం అడిగాను. "జేబులో పెట్టుకుంటే ఒక్కోసారి కాలతాది మేడమ్" అన్నాడు.

ఆ మాటకు నాకు భయమేసింది. అదే రోజు సాయంత్రం ఇంటి పెద్దలతో మాట్లాడాను. వాళ్లు ఇన్నాళ్లూ దాన్ని చిన్న టార్చిలైటు అనుకున్నారు. వాళ్లు సరేనన్నాకే, ఎవరో గుర్తుపట్టే వివరాలు తీసేసి ఈ వ్యాసం రాస్తున్నాను.

ఆ వస్తువు ఏమిటి?

దాన్ని ఇ-సిగరెట్ అంటారు, పిల్లల భాషలో వేప్. లోపల ఒక చిన్న తీగచుట్ట ఉంటుంది. బ్యాటరీ దాన్ని వేడిచేస్తుంది. ఆ వేడికి ఒక ద్రవం ఆవిరవుతుంది, దాన్ని పీలుస్తారు. ఆ ద్రవంలో చాలావరకు నికోటిన్ ఉంటుంది, అంటే పొగాకులో అలవాటు పుట్టించే పదార్థమే. మామిడి, పుదీనా, స్ట్రాబెర్రీ వాసనలు కలపడం వల్ల సిగరెట్ కంపు రాదు. అందుకే ఇంట్లో పసిగట్టడం కష్టం.

ఇవి రెండు రకాలు. కొన్ని పెన్‌డ్రైవ్‌లా, హైలైటర్ పెన్నులా ఉంటాయి. వాటి బ్యాటరీ లోపలే మూసి ఉంటుంది. కొంచెం పెద్దవాటిలో బ్యాటరీ బయటికి తీసి మార్చుకోవచ్చు. వాటికే ఈ మూత ఉంటుంది. చిన్న అయస్కాంతాలతోనో, సన్నటి ప్లాస్టిక్ కొక్కేలతోనో అతుక్కుని ఉంటుంది. నాలుగుసార్లు కింద పడితే అయస్కాంతం ఊడిపోతుంది, కొక్కెం విరిగిపోతుంది.

మూతలో ఏముంది?

మూత మూడు పనులు చేస్తుంది. బ్యాటరీని కదలకుండా పట్టి ఉంచుతుంది. బయటి లోహపు వస్తువులు దానికి తగలకుండా చూస్తుంది. పిల్లల చేతికి అందకుండా కాపాడుతుంది. మూత వదులైతే ఈ మూడూ పోతాయి.

రిమోట్‌లో వేసే పెన్సిల్ సెల్ 1.5 వోల్టులది. ఈ పరికరాల్లో ఎక్కువగా వాడేది లిథియం అయాన్ సెల్. 18650 అనే రకం బాగా కనిపిస్తుంది. ఆ అంకెలో దాని కొలత ఉంది: అడ్డం 18 మిల్లీమీటర్లు, పొడవు 65 మిల్లీమీటర్లు. పూర్తిగా ఛార్జ్ అయితే 4.2 వోల్టులు ఉంటుంది. వోల్టులు తక్కువే అనిపిస్తుంది గానీ, ఒక్కసారిగా చాలా ఎక్కువ కరెంటును వదలగలదు. ప్రమాదం అక్కడే ఉంది.

ఇంకో సంగతి. ఈ సెల్‌కు పైన బొడిపె ఒక్కటే ప్లస్. మిగిలిన లోహపు డబ్బా అంతా మైనసే. ఆ రెండింటికీ మధ్య అడ్డుగా ఉన్నది పైన ఒక చిన్న రింగు, ఒంటి చుట్టూ చాక్లెట్ కాగితమంత పలుచటి ప్లాస్టిక్ తొడుగు. మూత లేక సెల్ జారి జేబులో పడిందనుకోండి. అదే జేబులో బండి తాళం చెవి, రెండు రూపాయి బిళ్లలు ఉన్నాయనుకోండి. తాళం చెవి ఆ బొడిపెనూ డబ్బా అంచునూ ఒకేసారి తాకితే చాలు, షార్ట్ సర్క్యూట్ అవుతుంది. సెల్ వేడెక్కుతుంది. ఆ వేడికి లోపలి రసాయనాలు ఇంకా వేడిని పుట్టిస్తాయి. అది ఒక హద్దు దాటాక ఆపడం మన చేతిలో ఉండదు. బుస్సుమని పొగ, ఆ వెంటనే మంట.

ఇది ఊహించి భయపెట్టడం కాదు. 2009 నుంచి 2016 చివరి వరకు అమెరికాలో పత్రికలకెక్కిన ఇ-సిగరెట్ మంటలు, పేలుళ్లను అక్కడి అగ్నిమాపక పాలనా సంస్థ లెక్కగట్టింది. మొత్తం 195 ఘటనలు. వాటిలో 61 ఆ పరికరమో, విడి బ్యాటరీయో జేబులో ఉన్నప్పుడు జరిగినవే.

సెల్ బయటికి జారకపోయినా, వదులు మూత వల్ల ఇంకో ఇబ్బంది ఉంది. లోపలి స్ప్రింగు సెల్‌ను నెడుతూ ఉంటుంది, మూత దాన్ని ఆపుతూ ఉండాలి. మూత పలుచనైతే సెల్ కదిలి, కనెక్షన్ తగిలీ తగలనట్టు ఉంటుంది. ఇంట్లో వదులైన ప్లగ్గు పాయింటు నల్లబడటం మీరు చూసే ఉంటారు. ఇదీ అలాంటిదే. వదులు కనెక్షన్ దగ్గర వేడి పుడుతుంది.

టేపు చుడితే సరిపోదా అని ఆ అబ్బాయి అడిగాడు. సరిపోదు. వేడికి టేపు జిగురు కరిగి జారిపోతుంది. పైగా ఇలాంటి మూతల్లో కొన్నిటికి సన్నటి రంధ్రాలుంటాయి. సెల్ పాడైనప్పుడు లోపలి వాయువు వాటిలోంచి బయటికి పోవాలి. టేపుతో ఆ దారినీ మూసేస్తున్నాం.

కొత్త మూత కొనవచ్చు కదా?

ఇంటి పెద్దల్లో ఒకరు నన్నడిగిన ప్రశ్న ఇది. జవాబు మన చట్టంలోనే ఉంది. మన దేశంలో ఇ-సిగరెట్లను 2019 సెప్టెంబరులో ఆర్డినెన్స్‌తో, ఆ డిసెంబరులో పార్లమెంటు చట్టంతో నిషేధించారు. తయారీ, దిగుమతి, రవాణా, అమ్మకం, ప్రకటన అన్నీ నేరమే. మొదటిసారి పట్టుబడితే ఏడాది వరకు జైలు, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. మళ్లీ పట్టుబడితే మూడేళ్ల వరకు జైలు, ఐదు లక్షల వరకు జరిమానా. నిల్వ ఉంచినా ఆరు నెలల వరకు జైలు, లేదా 50 వేల వరకు జరిమానా, లేదా రెండూ.

అంటే ఇక్కడ దొరికే ఏ వేప్ అయినా దొంగచాటుగా వచ్చిందే. బిల్లు ఉండదు, గ్యారంటీ ఉండదు, బాగుచేసే సర్వీస్ సెంటర్ ఉండదు. దాన్ని పరీక్షించి ముద్ర వేసినవారు ఎవరూ లేరు. మూత అంత బలహీనంగా ఉంటే లోపలి వైర్లు ఇంకెలా ఉంటాయో ఆలోచించండి. కాబట్టి మూతను బాగుచేయడం పరిష్కారం కాదు. ఆ వస్తువు వాడకం మానడమే పరిష్కారం.

ఇంట్లో కనబడితే ఏం చేయాలి?

1. బటన్ నొక్కి చూడకండి, ఛార్జింగ్ పెట్టకండి.

2. వేడిగా ఉన్నా, ఉబ్బినా, బుస్సుమంటున్నా, ఘాటు వాసన వస్తున్నా ముట్టుకోకండి. అందరూ దూరంగా వెళ్లండి. మంట వస్తే 101కి ఫోన్ చేయండి.

3. చల్లగా ఉండి, సెల్ సులువుగా బయటికి వస్తే తీయండి. బలవంతంగా పెకలించకండి. సెల్ రెండు కొనలకూ టేపు అంటించి, ప్లాస్టిక్ డబ్బాలో విడిగా పెట్టండి. బట్టల బీరువాలోనో, పొయ్యి దగ్గరో ఉంచకండి.

4. చెత్తబుట్టలో వేయకండి. చెత్తబండిలో నలిగితే అక్కడ పనిచేసేవాళ్లకు ప్రమాదం. 2022 బ్యాటరీ వ్యర్థాల నియమాల ప్రకారం పాత బ్యాటరీలు ఇంటి చెత్తలో కలపకూడదు. ఇ-వేస్ట్ సేకరించేవాళ్లకు విడిగా ఇవ్వాలి.

5. అందులోని ద్రవం చిన్నపిల్లలకు అందనివ్వకండి. నికోటిన్ ద్రవం మింగితే విషమే. చేతికి అంటితే సబ్బుతో కడగండి.

తర్వాత, మాట

ఆ రోజు ఫోన్‌లో పెద్దాయన మొదట అన్నది, "వాణ్ణి నాలుగు తంతే సరిపోతాది మేడమ్" అని. ఆయన కోపం నాకు అర్థమైంది. కానీ తన్నులు తిన్న పిల్లవాడు వేప్ మానడు, దాచే చోటు మారుస్తాడు. దాచే చోటు అంటే మళ్లీ జేబే, పరుపు కిందే, స్కూలు బ్యాగే. వదులు మూత ఉన్న వస్తువును అంతకంటే ప్రమాదకరమైన చోట పెట్టలేం.

మెదడు ఎదుగుదల సుమారు 25 ఏళ్ల వరకు సాగుతుంది. ఆ వయసులో నికోటిన్ అలవాటు త్వరగా పట్టుకుంటుంది. ఏకాగ్రత మీద కూడా ప్రభావం చూపుతుంది. అందుకే "ఎందుకు చేశావు?" కంటే ముందు "ఎప్పటి నుంచి? ఎవరిచ్చారు? మానాలని ఉందా?" అని అడగండి. నిజం చెబితే ఆ రోజుకు శిక్ష ఉండదని మాటివ్వండి, ఆ మాట నిలబెట్టుకోండి. మానడానికి సాయం కావాలంటే జాతీయ టొబాకో క్విట్‌లైన్ 1800-11-2356 ఉంది, ఉచితం. పాఠశాలలో క్లాస్ టీచరుతో విడిగా మాట్లాడవచ్చు.

మరి రబ్బరు బ్యాండు రిమోట్?

పిల్లల వ్యాసాల్లో ఎక్కువగా ఉన్నది ఇదే కాబట్టి దీన్ని వదలకూడదు. పెన్సిల్ సెల్స్ ఉన్న రిమోట్‌తో అంత భయం లేదు. బిళ్ల లాంటి బటన్ బ్యాటరీలతోనే జాగ్రత్త. కారు తాళం, బరువు చూసే మిషన్, పాడే గ్రీటింగ్ కార్డు, తిరునాళ్లలో కొనే మెరిసే బొమ్మలు, వీటన్నిటిలో అవే ఉంటాయి. చిన్నపిల్లలు వాటిని మింగితే గొంతులో ఇరుక్కుని, రెండు గంటల్లోనే అన్నవాహికను తీవ్రంగా కాల్చేయగలవు.

అమెరికాలో ఏడాదిన్నర పాప ఒకరు ఇలా చనిపోయాక, ఆ పాప పేరుతోనే 2022లో రీస్ చట్టం వచ్చింది. దాని కింద వచ్చిన నియమాల ప్రకారం బటన్ బ్యాటరీ మూత స్క్రూడ్రైవర్ లాంటి పనిముట్టుతోనే తెరుచుకోవాలి, లేదా రెండు వేర్వేరు కదలికలు ఒకేసారి చేస్తేనే తెరుచుకోవాలి. మన దేశంలో 2021 జనవరి 1 నుంచి బొమ్మలకు ఐఎస్‌ఐ ముద్ర తప్పనిసరి. కొనేటప్పుడు ముద్ర ఉందా, మూతకు స్క్రూ ఉందా చూడండి.

మింగారని అనుమానం వస్తే వాంతి చేయించకండి, అన్నం ముద్ద తినిపించి దించాలని చూడకండి. వెంటనే 108కి ఫోన్ చేసి, ఎక్స్‌రే, ఎండోస్కోపీ ఉన్న ఆసుపత్రికి వెళ్లండి. తిరుపతి మనకు సుమారు నలభై కిలోమీటర్లు, ఆలోచిస్తూ కూర్చుంటే ఆ రెండు గంటలు ఇక్కడే అయిపోతాయి. ఏడాది దాటిన పిల్లలై, మింగి 12 గంటలు కాకుండా ఉండి, మింగగలుగుతుంటే దారిలో పది నిమిషాలకోసారి రెండు చిన్న చెంచాల తేనె ఇవ్వవచ్చు, ఆరుసార్లకు మించకూడదు. తేనె కోసం ప్రయాణం ఆపకండి. ఏడాదిలోపు పిల్లలకు తేనె వద్దు.

ఈ ఆదివారం ఒక పావుగంట కేటాయించండి. పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని ఇంట్లో బ్యాటరీ ఉన్న ప్రతి వస్తువు మూతా తెరిచి, మూసి చూడండి. వదులైనవి ఒక పక్కన పెట్టండి. ఆ పని చేస్తూ ఉంటే మాటలు వాటంతటవే వస్తాయి. మీకు తెలియని వస్తువు ఏదైనా ఇంట్లో ఉంటే, పిల్లలు చెప్పడానికి అంతకంటే మంచి సమయం దొరకదు.

ఆ అబ్బాయి వ్యాసానికి పదికి ఎనిమిది వేశాను, స్పెల్లింగ్ తప్పులకు రెండు తీసేశాను. కింద ఎర్ర పెన్నుతో ఒక వాక్యం రాశాను: నిజం రాసినందుకు థాంక్యూ. మర్నాడు వచ్చి, "అన్న నా మీద కోపంగా ఉన్నాడు మేడమ్, కానీ ఆ సెల్ డబ్బాలో పెట్టేశాడు" అన్నాడు.

— ఇంగ్లిష్ టీచర్, శ్రీకాళహస్తి శాఖ